బోరు నీళ్లలో ఆర్సెనిక్: నానో ఫిల్టర్ పెట్టించే ముందు తెలుసుకోవాల్సినవి

మీరు అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. సంగారెడ్డి జిల్లాలో పారిశ్రామికవాడకు దగ్గరగా మీ కాలనీ ఉంది, సుమారు 80 ఇళ్లు. అందరూ వాడే బోరు నీళ్లు పరీక్ష చేయిస్తే ఆర్సెనిక్ లీటరుకు 0.03 మిల్లీగ్రాములు ఉందని తేలింది. ఒక కంపెనీ వాళ్లు వచ్చి నానో ఫిల్టర్ పెడతాం, భార లోహాలన్నీ పోతాయి అంటున్నారు. నమ్మొచ్చా, ఆర్.ఓ. సరిపోదా అని మీ ప్రశ్న. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్న మీ అమ్మాయి ప్రాజెక్టుకు గ్రాఫీన్ ఆక్సైడ్ తీసుకోవచ్చా అని కూడా చివర్లో అడిగారు.

నేను నీళ్లలోంచి లోహాలను తీసే పదార్థాల మీద ముందు ల్యాబులో, తర్వాత పశ్చిమ బెంగాల్‌లోని నదియా, ముర్షిదాబాద్ జిల్లాల పల్లెల్లో పనిచేశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కెమిస్ట్రీ కంటే ముందు, ఈ రోజే చేయాల్సిన పని చెబుతాను. ఆ నీళ్లు తాగడం, వంటకు వాడటం ఆపేయండి. చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇళ్లకు ఈ మాట ముందుగా చేరాలి. కాచి చల్లార్చితే పోతుందని చాలామంది అనుకుంటారు. ఆర్సెనిక్ కాచితే పోదు, నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో దాని మోతాదు పెరుగుతుంది. స్నానానికి, బట్టలకు, ఇల్లు కడగడానికి మాత్రం ఆ నీళ్లే వాడుకోవచ్చు. ఈ మోతాదులో చర్మం గుండా ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. ఈ సంగతి ఖర్చు లెక్కలో కూడా కీలకం, ఎందుకంటే శుద్ధి చేయాల్సింది తాగే నీళ్లు, వంట నీళ్లు మాత్రమే. ఓవర్‌హెడ్ ట్యాంకు మొత్తానికి ఫిల్టర్ పెడతామని ఎవరైనా అంటే అది మీ డబ్బు వృథా చేయించడమే.

ఇంకో మాట. మిషన్ భగీరథ లైను మీ కాలనీ దాకా వచ్చే వీలు ఏ కొంచెం ఉన్నా, ముందు దాని వెంట పడండి. నానో పదార్థాల మీదే పనిచేసినవాడిగా చెబుతున్నాను, శుద్ధి చేసిన నది నీళ్లు కుళాయిలో వచ్చే చోట వీటి అవసరం లేదు. లైను రావడానికి ఏళ్లు పట్టేలా ఉంటేనే మిగతాది చదవండి.

రిపోర్టు సంగతి. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం కూడా, తాగే నీళ్లలో ఆర్సెనిక్ లీటరుకు 0.01 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ నీళ్లలో దానికి మూడింతలు ఉంది. వేరే నీరు దొరకని చోట 0.05 వరకు సర్దుకోవచ్చు అనే వెసులుబాటు ఒకప్పుడు ఉండేది. ఆ పాత అంకె చూపించి మీ నీళ్లు లిమిట్‌లోనే ఉన్నాయని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అలాగే టీడీఎస్ మీటరు ముంచి నీళ్లు బాగున్నాయని చెప్పేవాళ్లను కూడా నమ్మకండి. ఆ మీటరు కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతుందో మాత్రమే. లీటరుకు 600 మిల్లీగ్రాముల లవణాలున్న నీళ్లలో 0.03 మిల్లీగ్రాముల ఆర్సెనిక్ ఉన్నా లేకున్నా ఆ అంకె కదలదు.

ఒక్క రిపోర్టు ఆధారంగా లక్షలు ఖర్చు పెట్టొద్దు. ఎన్.ఏ.బి.ఎల్. (ల్యాబులను పరిశీలించి గుర్తించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో, లోహాలను అతి తక్కువ మోతాదులో కూడా కొలిచే ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద మరోసారి చేయించండి. ఎండాకాలం ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే ఇంకా మంచిది. ఆర్సెనిక్‌తో పాటు సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం, ఇనుము, ఫ్లోరైడ్, పీహెచ్, సిలికా, ఫాస్ఫేట్, బైకార్బనేట్ కూడా అడగండి. చివరి నాలుగూ విషాలు కావు కదా, ఎందుకు అంటారేమో. మీ ఫిల్టర్ ఎన్నాళ్లు పనిచేస్తుందో తేల్చేవి ముఖ్యంగా ఆ నాలుగే.

ఇప్పుడు అసలు విషయం. ఆర్సెనిక్ నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. గాలి తగిలే నీళ్లలో ఎక్కువగా ఆర్సెనేట్, గాలి అందని లోతు బోరుల్లో ఎక్కువగా ఆర్సెనైట్. ఆర్సెనేట్‌కు రుణావేశం ఉంటుంది కాబట్టి దాన్ని పట్టుకోవడం తేలిక. ఆర్సెనైట్‌కు మామూలు తాగునీటి పీహెచ్ దగ్గర ఏ ఆవేశమూ ఉండదు. అందుకే అది చాలా ఫిల్టర్లను దాటిపోతుంది, ఆర్.ఓ. పొర గుండా కూడా కొంత జారిపోతుంది. రెండిట్లో ఎక్కువ విషపూరితం కూడా ఇదే. దీనికి మందు సులువైనదే. కొద్దిగా క్లోరిన్ కలిపితే నిమిషంలోపే ఆర్సెనైట్ ఆర్సెనేట్‌గా మారిపోతుంది. ఊరికే గాలి తగలనిస్తే మారడానికి చాలా సమయం పడుతుంది. మీ కంపెనీ వాళ్ల డ్రాయింగులో ఫిల్టర్‌కు ముందు క్లోరిన్ గానీ, మాంగనీస్ డయాక్సైడ్ లాంటి ఆక్సీకరణ పదార్థం గానీ ఉందేమో చూడండి. లేకపోతే, మీ బోరులో ఏ రూపం ఎంత ఉందో కొలిచారా అని అడగండి. కొన్ని పదార్థాలు రెండు రూపాలనూ పట్టుకుంటాయి. అలాంటిదైతే దానికి రుజువు చూపించమనండి.

ఆర్సెనేట్‌ను బాగా పట్టుకునేది ఇనుము ఆక్సీహైడ్రాక్సైడ్, అంటే తుప్పు జాతి పదార్థమే. ఆర్సెనేట్‌లోని ఆక్సిజన్ నేరుగా ఇనుము పరమాణువుతో రసాయన బంధం కలుపుకుంటుంది. ఇది పైపైన అంటుకోవడం కాదు, అందుకే అంత గట్టిగా నిలుస్తుంది. అయితే బంధం జరిగేది పదార్థం ఉపరితలం మీదే, లోపల ఉన్న ఇనుము ఎందుకూ పనికిరాదు. నానో అవసరం ఇక్కడే వస్తుంది. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే ఘనాన్ని ఒక్కో నానోమీటరు (మిల్లీమీటరులో పది లక్షో వంతు) ఘనాలుగా కోసుకుంటూ పోతే మొత్తం ఉపరితలం 6,000 చదరపు మీటర్లు అవుతుంది, దాదాపు ఎకరంన్నర పొలమంత. అమెరికాలోని రైస్ యూనివర్సిటీ బృందం 2006లో మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుము ఆక్సైడ్) రేణువుల మీద దీన్ని చూపించింది. రేణువు సైజు 300 నానోమీటర్ల నుంచి 12కు తగ్గించినప్పుడు ఆర్సెనిక్‌ను పట్టే శక్తి దాదాపు 200 రెట్లు పెరిగింది. పైగా ఆ రేణువులను మామూలు అయస్కాంతం లాంటి బలహీన క్షేత్రంతోనే నీళ్లలోంచి బయటికి లాగగలిగారు.

ఆ రెండో సగాన్ని, అంటే రేణువులను నీళ్లలోంచి మళ్లీ బయటికి తీయడాన్ని, చాలామంది పట్టించుకోరు. నానో పొడిని అలాగే గొట్టంలో నింపితే నీళ్లు దిగవు, దిగినా పొడి కూడా నీళ్లతో పాటు గ్లాసులోకి వస్తుంది. కాబట్టి పొడిని పట్టుకుని ఉంచే ఇల్లు ఒకటి కావాలి. మన దేశంలో దీన్ని బాగా సాధించింది ఐఐటీ మద్రాసులో ప్రొఫెసర్ టి. ప్రదీప్ బృందం. వాళ్ల పద్ధతి పేరు అమృత్. ఫెర్రిహైడ్రైట్ అనే ఇనుము పదార్థానికి ఉపరితలం చాలా ఎక్కువ, కానీ అది స్థిరంగా ఉండదు. కాలక్రమంలో గోథైట్, హెమటైట్ స్ఫటికాలుగా మారిపోయి పట్టే శక్తి పోగొట్టుకుంటుంది. ఈ బృందం దాన్ని కైటోసాన్ అనే జీవ పాలిమర్ గూడులో బంధించి, మారిపోకుండా ఆపింది. 2017లో ఆ పరిశోధన ప్రచురితమైంది. కైటోసాన్ తయారయ్యేది రొయ్యల, పీతల పెంకుల నుంచి. దేశంలో రొయ్యల సాగులో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. మన తీరంలో పారేసే పెంకుల్లో ఇంత పని ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. పదార్థం గది ఉష్ణోగ్రతలో, నీళ్లలోనే తయారవుతుంది. ఫిల్టర్‌కు కరెంటు అక్కర్లేదు, శుద్ధికి లీటరుకు ఖర్చు పైసల్లోనే. దీని ద్వారా పది లక్షల మందికి పైగా ఆర్సెనిక్ లేని నీరు అందుతోందని ఆ బృందం చెబుతోంది. ప్రదీప్ గారికి 2020లో పద్మశ్రీ, 2022లో వియత్నాం వారి విన్‌ఫ్యూచర్ బహుమతి వచ్చాయి.

అంతకుముందే లీహై యూనివర్సిటీలోని ప్రొఫెసర్ అరూప్ సేన్‌గుప్తా మరో దారిలో వెళ్లారు. అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ (నీళ్లలోని ఆవేశమున్న కణాలను పట్టుకునే ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూసల లోపల నానో ఇనుము ఆక్సైడ్‌ను నింపారు. పూసలు గట్టివి, నీళ్లు సులువుగా దిగుతాయి, నిండిపోతే క్షారంతో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఆయన బృందం పశ్చిమ బెంగాల్ పల్లెల్లో చేతి పంపులకే ఆర్సెనిక్ యూనిట్లు బిగించింది, మొదట్లో యాక్టివేటెడ్ అల్యూమినా (సూక్ష్మ రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్)తో, తర్వాత ఈ పూసలతో. నాకు ఎంతో నచ్చింది అక్కడి నిర్వహణ. ఊరి కమిటీ ఇంటింటికీ నెలకు కొద్ది మొత్తం వసూలు చేస్తుంది, నీళ్లు పరీక్షకు పంపుతుంది, నిండిన పూసలను ఒకే కేంద్రానికి తీసుకెళ్లి కడుగుతారు. కమిటీ గట్టిగా ఉన్న ఊళ్లలో యూనిట్లు ఏళ్ల తరబడి నడిచాయి. పెట్టి వెళ్లిపోయిన చోట మూలనపడ్డాయి. ఏ పదార్థం వాడారన్న దానికంటే ఈ తేడానే ఎక్కువ కనిపించేది.

కాబట్టి నానో పని చేస్తుందా అంటే, చేస్తుంది. మీరు అడగాల్సింది వేరే ప్రశ్న: మీ నీళ్లలో ఎన్ని లీటర్ల దాకా పని చేస్తుంది?

బ్రోచర్లో గ్రాముకు 100 మిల్లీగ్రాములు పడుతుంది లాంటి అంకె ఉంటుంది. అది అబద్ధం కాకపోవచ్చు. కానీ అలాంటి అంకెలు సాధారణంగా డిస్టిల్డ్ వాటర్‌లో లీటరుకు పదుల మిల్లీగ్రాముల ఆర్సెనిక్ కలిపి కొలిచినవి. మీ నీళ్లలో ఉన్నది 0.03. ఇంత తక్కువ మోతాదు దగ్గర అదే పదార్థం అందులో చిన్న భాగమే పడుతుంది. పైగా బోరు నీళ్లలో ఫాస్ఫేట్, సిలికా కూడా అదే ఇనుము ఉపరితలం కోసం పోటీ పడతాయి. క్లోరైడ్, సల్ఫేట్‌లతో అంత ఇబ్బంది లేదు. పీహెచ్ 8 దాటితే ఇనుము ఆక్సైడ్ ఉపరితలమే రుణావేశం వైపు మారి ఆర్సెనేట్‌ను తోసేయడం మొదలుపెడుతుంది. బెంగాల్ ఒండ్రు నేలల్లో ఫాస్ఫేట్, ఇనుము పెద్ద సమస్య. మన దక్కన్ గ్రానైట్ నేలల బోరుల్లో సిలికా, బైకార్బనేట్ ఎక్కువగా, పీహెచ్ కాస్త పైగా ఉండటం మామూలు. అందుకే బెంగాల్లో బాగా పనిచేసిందన్న సర్టిఫికెట్ ఇక్కడికి యథాతథంగా వర్తించదు.

మీ కాలనీకే లెక్క వేద్దాం. ఇంటికి తాగడానికి, వంటకు రోజుకు 20 లీటర్లు అనుకుంటే 80 ఇళ్లకు 1,600 లీటర్లు. లీటరుకు 0.03 చొప్పున రోజుకు 48 మిల్లీగ్రాములు, ఏడాదికి సుమారు 17.5 గ్రాముల ఆర్సెనిక్ తీయాలి. బ్రోచర్ అంకె ప్రకారం పావు కిలో పదార్థం కూడా అక్కర్లేదు! వాస్తవంలో ఇలాంటి నీళ్లకు ఇనుము గ్రాన్యూల్స్ (ఇనుము ఆక్సీహైడ్రాక్సైడ్ గుళికలు) గ్రాముకు ఒకటి, రెండు మిల్లీగ్రాములు పడితే బాగా పనిచేసినట్టే. గ్రాముకు ఒకటి చొప్పున వేసుకుంటే ఏడాదికి 17, 18 కిలోలు కావాలి. ఇదేమీ భయపడాల్సిన అంకె కాదు. 80 ఇళ్లు పంచుకుంటే చాలా తక్కువ. కానీ పావు కిలోకు, పద్దెనిమిది కిలోలకు మధ్య ఉన్న తేడాలోనే ఇలాంటి ఒప్పందాలు చాలా దెబ్బతింటాయి. కార్ట్రిడ్జ్ రెండేళ్లు వస్తుందని నమ్మి ఊరుకుంటారు, ఆరో నెల నుంచి ఆర్సెనిక్ దాటిపోతూ ఉంటుంది. రంగు ఉండదు, రుచి ఉండదు, వాసన ఉండదు. తాగేవాళ్లకు తెలిసే దారే లేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఫిల్టర్ లేనప్పుడు కనీసం జాగ్రత్త ఉంటుంది, ఉన్నప్పుడు ఆ జాగ్రత్త కూడా పోతుంది.

దీనికి విరుగుడు ఉంది, ఖరీదైనదేమీ కాదు. ఒక కాలమ్ (పదార్థం నింపిన నిలువు గొట్టం) కాకుండా ఒకే సైజువి రెండు వరుసగా పెట్టించండి. మధ్యలో ఒక కుళాయి ఉండాలి. మొదటి రెండు నెలలు నెలకోసారి, తర్వాత వచ్చిన అంకెలను బట్టి, ఆ మధ్య కుళాయి నీళ్లు పరీక్షకు పంపండి. అక్కడ ఆర్సెనిక్ 0.01కి చేరగానే మొదటి కాలమ్‌లో పదార్థం మార్చండి, రెండోదాన్ని ముందుకు జరిపి కొత్తదాన్ని వెనక పెట్టండి. ఇలా చేస్తే హద్దు దాటిన నీళ్లు ఎవరి బిందెలోకీ రావు. ఒక్కో కాలమ్‌లో నీళ్లు కనీసం మూడు నుంచి ఐదు నిమిషాలు ఉండాలి. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే గంటకు 200 లీటర్లు, ఐదు నిమిషాలకు దాదాపు 17 లీటర్ల పదార్థం పట్టే కాలమ్. పైన చెప్పిన ఏడాది లెక్కకు కూడా ఇది దగ్గరగా సరిపోతుంది. కంపెనీ వాళ్లు ఇంతకంటే బాగా చిన్నది చూపిస్తే కారణం అడగండి. మీ నీళ్లతోనే చిన్న కాలమ్ నడిపి, ఎన్ని లీటర్లకు దాటిందో గ్రాఫ్ చూపించమనండి. నిజంగా పదార్థం మీద నమ్మకం ఉన్నవాళ్లు దీనికి వెనకాడరు. శుద్ధి అయిన నీళ్లలో ఇనుము, అల్యూమినియం, మడ్డితనం కూడా కొలిపించండి. నానో పదార్థం బయటికి వస్తోందా లేదా అనేది అందులో కొంత తెలుస్తుంది.

"అన్ని భార లోహాలూ పోతాయి" అన్న మాట దగ్గర మాత్రం గట్టిగా నిలదీయండి. ఒక్కో లోహం నడక వేరు. సీసం, కాడ్మియం ధనావేశంతో ఉంటాయి. పాదరసానికి గంధకం అంటే ప్రాణం. అందుకే 1997లో అమెరికాలోని ఒక జాతీయ ప్రయోగశాల బృందం సూక్ష్మ రంధ్రాల సిలికాకు గంధకం ఉన్న అణువులు అతికించి పాదరసాన్ని పట్టించింది. ఆరు వేలెన్సీ క్రోమియానికి నానో ఇనుప లోహం వాడతారు. అది క్రోమియాన్ని తక్కువ హాని చేసే మూడు వేలెన్సీకి మార్చి అవక్షేపంగా దించేస్తుంది, కానీ తన మీద తానే పొర కట్టుకుని కొన్నాళ్లకు మొద్దుబారుతుంది. ఇవన్నీ ఒకే గొట్టంలో సమానంగా జరగవు. ఇంకో సంగతి, మార్కెట్లో నానో పేరుతో దొరికే ఇంటి ఫిల్టర్లలో చాలావాటిలో ఉన్నది నానో వెండి. 2009లో వచ్చిన టాటా స్వచ్ఛ్‌లో ఊక బూడిద మీద ఉన్నది అదే. వెండి బ్యాక్టీరియాను చంపడానికి మంచిది, ఆర్సెనిక్‌ను అది పట్టుకోదు.

ఆర్.ఓ. విషయం. ఆర్సెనేట్‌ను అది బాగానే ఆపుతుంది, ఆర్సెనైట్‌ను అంత బాగా ఆపదు. ముందు క్లోరిన్ వేస్తే ఆర్సెనిక్ పోతుంది కానీ, క్లోరిన్ పొరను తినేస్తుంది కాబట్టి మధ్యలో కార్బన్ ఫిల్టర్ కావాలి. ఇది కాక వృథా నీళ్లలో ఆర్సెనిక్ ఇంకా ఎక్కువ మోతాదులో ఉంటుంది, దాన్ని కాలనీలో ఎక్కడ వదులుతారు? మీ నీళ్లలో ఫ్లోరైడ్, లవణాలు కూడా ఎక్కువగా ఉంటే ఆర్.ఓ.నే సరైనది. ఆర్సెనిక్ ఒక్కటే సమస్య అయితే ఇనుము గ్రాన్యూల్స్ చవక, నీళ్లు వృథా కావు.

వాడేసిన పదార్థం సంగతి ఒప్పందంలోనే రాయించుకోండి. బెంగాల్ భూగర్భ జలాల్లోకి ఆర్సెనిక్ వచ్చిన తీరు గుర్తుంచుకుంటే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది. ఒండ్రు రేణువుల మీది ఇనుము ఆక్సైడ్ పొరల్లో అది వేల ఏళ్లు కదలకుండా ఉంది. గాలి అందని లోతుల్లో సూక్ష్మజీవులు ఆ ఇనుమును కరిగించినప్పుడు ఆర్సెనిక్ నీళ్లలోకి విడుదలైంది. మీ ఫిల్టర్‌లో నిండిపోయిన ఇనుము గ్రాన్యూల్స్‌ను చెత్తకుప్పలో, సెప్టిక్ ట్యాంకు పక్కన, చెరువు గట్టున పారబోస్తే జరిగేది కూడా అదే. వ్యర్థంలోంచి విషం ఎంత కారుతుందో చూసేందుకు ల్యాబులో చేసే టీసీఎల్‌పీ పరీక్షలో పాసైందని చూపిస్తారు. ఆ పరీక్షలో గాలి అందని, సూక్ష్మజీవులున్న డంపింగ్ యార్డు పరిస్థితులు ఉండవు, కాబట్టి అది ప్రమాదాన్ని తక్కువగా చూపుతుంది. దుండిగల్, పరవాడలో ఉన్నలాంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి కంపెనీయే తీసుకెళ్లి, రసీదు మీకు ఇవ్వాలి.

పటాన్‌చెరు చుట్టుపక్కల, నక్కవాగు పరీవాహకంలో భూగర్భ జలాల్లో ఆర్సెనిక్ ఉందని పరిశోధకులు చాలా కాలంగా నమోదు చేస్తూనే ఉన్నారు. మీ రెండో రిపోర్టు కూడా ఇలాగే వస్తే దాని నకలు కాలుష్య నియంత్రణ మండలికి, జిల్లా కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఫిల్టర్ పెట్టుకున్నాం కదా అని ఇది వదిలేయొద్దు. పక్క కాలనీ వాళ్లు తాగేది కూడా ఆ భూగర్భ జలమే.

ఇక అమ్మాయి ప్రాజెక్టు. గ్రాఫీన్ ఆక్సైడ్ అంటే ఆక్సిజన్ అతికిన అతి పలుచని కార్బన్ పొర. దాని ఉపరితలం తాగునీటి పీహెచ్ దగ్గర రుణావేశంతో ఉంటుంది. సీసం, కాడ్మియం మీద పనిచేయాలంటే మంచి ఎంపిక. ఆర్సెనేట్‌కు అది ఒక్కటే పనికిరాదు, దాని మీద ఇనుము ఆక్సైడ్ నింపాలి. 2010లో ఒక కొరియా బృందం మాగ్నటైట్‌ను గ్రాఫీన్‌తో కలిపి ఇలాగే చేసింది. ఆ తర్వాత ఇలాంటి పేపర్లు చాలా వచ్చాయి, కాబట్టి గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు అనే అంకెను ఇంకాస్త పెంచడం వల్ల కొత్తగా తెలిసేది తక్కువ. ఆమెకు నా సలహా ఇదీ. డిస్టిల్డ్ వాటర్ పక్కన పెట్టి, మీ బోరు నీళ్లే క్యాన్లలో కాలేజీకి తీసుకెళ్లమనండి. వేలెడంత కాలమ్‌లో రెండు పదార్థాలు పెట్టి, 0.03 దగ్గరే నడిపి, ఏది ఎన్ని లీటర్లకు 0.01 దాటిందో గీయమనండి. తర్వాత సిలికా కలిపి ఒకసారి, పీహెచ్ 7 నుంచి 8.5 దాకా మార్చి ఒకసారి. ఆర్సెనిక్ కొలతకు కాలేజీలో యంత్రం లేకపోతే శాంపిళ్లను నైట్రిక్ యాసిడ్‌తో పీహెచ్ 2 లోపుకు తెచ్చి, పాలిథిన్ సీసాల్లో దాచి, ఒకేసారి బయటి ల్యాబుకు పంపవచ్చు. ఆ గ్రాఫ్ వచ్చాక దాన్ని, మీ రెండో రిపోర్టును ఇక్కడ పెట్టండి, కాలమ్ సైజు లెక్క మళ్లీ వేసి ఇస్తాను.